ఒక్కపొద్దు గోలీ

“గోలీలైతే మెల్లమెల్లగ తగ్గిస్తరంటివి గని, నిన్ను ఒక్కపారే బంద్ వెట్టవడితిని రాజక్కా.”

“సక్కగ బస్సెక్కు ముందుగాల. నన్ను బంద్ వెట్టినా నడుస్తది, మందు బంద్ వెట్టకు.”

ఆర్మూర్ బస్టాండుల గంగమణి నాతోని ఆఖరుకు అన్న మాట అది, నేనన్న మాట ఇది. మొగడు, అత్త ముందుగాలనే ఎక్కి సీట్లు పట్టిన్రు. మహారాష్ట్ర దిక్కు భివండి పోతున్నరు, ఇగ అక్కన్నే ఉంటరు. బస్సు కదిలినంక ఆమె కిటికీలకెళ్లి ఇంకేమో అన్నది గని ఇంజన్ సప్పుడుల నాకు ఇనరాలె. ఏమన్నదో అని ఇప్పటికీ పని చేసుకుంట చేసుకుంట ఆగుత.

నా పేరు రాజవ్వ. సంతకం వెట్టుడు తప్ప రాసుడు రాదు. నేను చెప్తుంటే మా కోడలు సంధ్య రాస్తున్నది. ఆర్మూర్ల ఒక లేడీ డాక్టర్ దవాఖాన్ల చాన ఏండ్లు ఆయాగ చేసిన. ఆయా అంటే ఊడ్సుడు తుడుసుడు అనుకుంటరు. అది పొద్దుగాల పని. ఓపీ మొదలైనంక, అంటే బయటి పేషెంట్లను చూసే యాల్ల, నంబర్లు పిలుసుడు, బీపీ గుడ్డ కట్టుడు, ముసలోళ్లను బల్ల మీదికి ఎక్కిచ్చుడు. అన్నిటికంటె పెద్ద పని మందులు చెప్పుడు. మా మేడం ఆంధ్ర దిక్కు మనిషి. చేతి గుణం మంచిది, ఓపిక మనిషి, గని ఆమె మాట మా పల్లెటోళ్లకు సగమే ఎక్కేది. ఆమె ఏ గోలీ ఏ పూటకో చెప్పేది. బయటికి వచ్చినంక నేను బెంచీ మీద కూసోవెట్టి, ఏది తిన్నంక, ఏది తినకముందు, ఏది ఏసుకుంటే నిద్ర వస్తది అని మా మాటల మళ్ల చెప్పేది. రాత్రి గోలీ స్ట్రిప్ మూలకు కత్తెరతోని చిన్న గాటు వెడుదును. చీకట్ల తడిమినా తెలుస్తది. సదువు రానోళ్లకు సదువు రానోళ్ల ఉపాయం.

గంగమణి మొదటిపారి వచ్చింది 2022ల. కరోనా భయం తగ్గి జనం మూతికి గుడ్డ లేకుండ తిరుగవట్టిన ఏడు. పసుపు ఉడుకవెట్టి ఆరవోసే రోజులు. రోడ్డుకు అటు ఇటు పసుపే, దవాఖాన గచ్చు మీద కూడ పసుపు కాళ్ల ముద్రలే. ఎంత తుడిసినా మళ్ల పడుతుండె.

ఏర్గట్ల దిక్కు ఒక ఊరామె. ముప్పై అయిదు దాటని మనిషి. బీడీలు చేస్తది. నేను ఎప్పటి లెక్కనే చెయ్యికి బీపీ గుడ్డ సుట్టి గాలి కొట్టిన. “అమ్మో!” అని గట్టిగ ఒర్లింది. హాలంత ఇటు తిరిగింది. ఎవరో ముసలోడు నవ్విండు గూడ. “బీపీ గుడ్డకే గిట్ల ఏడిస్తే, సూది ఇస్తే ఏమైతది బిడ్డా?” అన్నడు. ఆమె చెయ్యి గుంజుకొని, ఒడిల వెట్టుకొని, తల దించింది. చెయ్యి చూస్తే కమిలింది లేదు, వాసింది లేదు. గని ఆ ఏడుపు నాటకం కాదని నాకు అర్థమైంది. నాటకం చేసేటోళ్లు నలుగురి దిక్కు చూస్తరు. ఈమె గోడ దిక్కు చూస్తున్నది.

రెండేండ్ల నుంచి ఒళ్లంత నొప్పులంట. మెడ, భుజాలు, నడుము, తొడలు, ఒకటని లేదు. ఊర్ల ఆర్ఎంపీ సూదులు ఇచ్చిండు. మెడికల్ షాపుల నొప్పి గోలీలు తెచ్చి తెచ్చి మింగితే కడుపుల మంట మొదలైంది గని ఒళ్లు నొప్పి కదల్లే. నిజామాబాద్ల రక్తం తీసిన్రు, ఎక్స్‌రేలు తీసిన్రు. అన్ని మంచిగనే ఉన్నయన్నరు. అన్ని మంచిగున్నయంటె ఎవలన్న సంబరపడుతరు. ఈమె గా ముచ్చట చెప్పుకుంట ఏడ్సింది.

మేడం ఆమె రిపోర్టులు అన్ని చూసింది. మెడ ఎనుక, భుజాల మీద, మోచేతుల కాడ, మోకాళ్ల కాడ బొటనవేలుతోని మెల్లగ ఒత్తి చూసింది. నిద్ర ఎట్ల పడుతున్నది, పొద్దుగాల లేస్తే ఎట్లుంటది అని అడిగింది. ఆఖరుకు అన్నది:

“దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారమ్మా. ఎక్స్‌రేలో కనపడదు. రిపోర్టులు నిజమే, నీ నొప్పీ నిజమే.”

గంగమణి కొంగుతోని మూతి తుడుసుకున్నది. “గీ మాట మా అత్తకు చెప్తరా మేడం?”

ఈ రోగం సంగతి మేడం నాకు ఎట్ల చెప్పిందంటే, ఒంట్ల దెబ్బ లేకున్న నరాలు మెదడుకు దెబ్బ తాకిందని కబురు మోస్తనే ఉంటయంట. బయట ఎవ్వలు లేకున్నా ఇంటి తలుపు దబదబ కొట్టినట్టు సప్పుడైతనే ఉంటదన్నట్టు. అందుకే మామూలు నొప్పి గోలీలు, స్టెరాయిడ్ సూదులు దీనికి పెద్దగ పనిజెయ్యవు. ఆ సప్పుడు తగ్గిచ్చే మందులు వేరే ఉంటయి. ఒకరికి పడ్డది ఇంకొకరికి పడదు. ఏది పడుతదో ఏసి చూసుడే. దినాం నడువాలె కూడ, జర జర పెంచుకుంట. ఇది సదివి ఎవ్వలు పోయి మెడికల్ షాపుల అడుగకున్రి. ఇవన్ని డాక్టర్ రాస్తేనే ఏసుకునే గోలీలు.

మొదటి గోలీ అమిట్రిప్టిలిన్. చిన్న డోసు, రాత్రి పండుకునేటప్పుడు. బెంచీ మీద కూసోవెట్టి స్ట్రిప్ మూలకు గాటు వెట్టుకుంట అడిగిన, “నీ మొగడేం జేస్తడు బిడ్డా?” అని.

“మస్కట్ల బండి నడుపుతడక్కా. పోయి మూడేండ్లాయె. వానకాలంల రెండు నెలలు ఛుట్టీ మీద వస్తున్నడు.”

“మంచిదే గద!”

“ఏం మంచిది?” అన్నది. గొంతు తగ్గిచ్చింది. “గాజులు ఏసుకుంటె నొస్తున్నయి. కొంగు భుజం మీద పడితే మండుతున్నది. ఆయనకు ఒక అలవాటున్నది. ఎక్కడ నిలవడ్డా నా భుజం మీద చెయ్యేస్తడు. మా అత్త ముందట గూడ. ‘సిగ్గు శరం లేదారా’ అని తిట్టేది. రాంగనే గట్లనే చెయ్యేస్తడు. నేను కెవ్వుమని దూరం జరిగితే ఏమనుకుంటడక్కా? మూడేండ్లల్ల దీనికి నా మీద మనసు పోయింది అనుకోడా?”

“గీ మాట మేడంకు చెప్పినవా?”

“ఛీ, ఎట్ల చెప్తరు గసొంటియి?”

నేను చెప్పిన. మేడం నవ్వలే. “వానాకాలం దాకా టైం ఉంది. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను రాజవ్వా. సగం తగ్గినా పెద్ద సంగతే ఈ జబ్బులో,” అన్నది.

పదిహేను దినాలకు మళ్ల వచ్చింది. “అక్కా, పండుకున్న!” అన్నది నన్ను చూడంగనే. పండుగ ముచ్చట చెప్పినట్టు చెప్పింది. గని నోరు ఎండిపోతున్నదంట. పొద్దుగాల లేస్తే మబ్బుగ ఉంటున్నదంట. చాట ముందట తునికాకు పట్టుకొనే కునుకుతున్నదంట. మండుడు మాత్రం మండుతనే ఉన్నది. నెల చూసి మేడం దాన్ని మార్చి ప్రెగాబాలిన్ ఇచ్చింది. అది నరాల నొప్పులకు ఇచ్చే గోలీ. అదే గోలీ మాక్లూర్ కెళ్లి వచ్చే ఒకామెకు మస్తు పనిజేసింది. గంగమణికి తల తిరిగింది, పాదాలు ఉబ్బినయి. ఇంట్ల నడుస్తుంటే గోడ పట్టుకొని నడుసుడు. వాళ్లత్త సాయవ్వ వాడకట్టంత చెప్పింది, “నా కొడుకు ఎడారిల చెమట కారుస్తుంటె నా కోడలు ఈడ కల్లు దుకాణం మొదలువెట్టింది” అని. గంగమణి అది నవ్వుకుంటనే చెప్పింది గని, కండ్లు నవ్వలే.

అప్పటికి తొలకరి పడ్డది. లింబాద్రి, ఆమె మొగని పేరు లింబాద్రి, వచ్చుడుకు ఇగ ఎక్కువ దినాలు లెవ్వు. మేడం మూడో మందు రాసింది, డులాక్సెటిన్. ఆ దినం నేను దవాఖాన్ల లేను. మా ఆయన సంవత్సరీకం ఉండె, ఇంటికాడ ఉన్న. లోపట ఏం జరిగిందో తర్వాత మేడం నోటితోని ఇన్నదే.

“ఈ మందు మనాదికి కూడా ఇస్తాం, నీలాంటి నొప్పికి కూడా ఇస్తాం. అందుకని పిచ్చి గోలీ ఇచ్చారని అనుకోకు,” అన్నదంట మేడం. మనాది అంటే లోపల లోపల కుమిలే బాధ.

“నాకు రెండున్నయి మేడం,” అన్నదంట గంగమణి. “రెండు గోలీలు రాస్తరా మరి?”

మేడం నవ్వి, “ఒక్కటి చాలు. రాత్రి వేసుకుంటే నీకు మళ్లీ నిద్ర పట్టకపోవచ్చు. అందుకని ఒక్క పొద్దునే వేసుకోవాలి, మర్చిపోవద్దు,” అన్నదంట.

బయట బెంచీ మీద నేను లేను. ఆమె మందు తీసుకొని బస్సెక్కి పోయింది.

మూడో వారంల ఒక పొద్దుగాల ఓపీ అప్పుడే షురువైంది. ఒక ముసలామె గంగమణి రెక్క పట్టుకొని గుంజుకుంట వచ్చింది. రెక్క పట్టుకునుడే ఆమెకు ఎంత నొస్తదో నాకెర్క. ఉరికిన.

“నంబర్ తీసుకున్నవా అవ్వా?”

“నంబరెందుకే నాకు? నా ఇజ్జత్ పోతుంటె నంబర్ పట్టుకొని కూసుంటనా?” సాయవ్వను అప్పుడే మొదటిసారి చూసిన. సన్నగ, ఎండిన పసుపుకొమ్ము లెక్క ఉన్నది. “ఏదీ మీ డాక్టరమ్మ? కడుపు పరీక్ష చెయ్యమను. పొద్దుగాల లేస్తే కక్కుడు. వారం సంది చూస్తున్న. నా కొడుకు మస్కట్ల, నా కోడలు ఈడ కక్కుతున్నది!”

గంగమణి గచ్చు దిక్కు చూస్తున్నది. మొఖం పీక్కపోయింది, పెదాలు తెల్లగున్నయి. నేను ముసలామెను ఒక దిక్కు, ఈమెను ఒక దిక్కు పట్టుకొని లోపటికి తోల్కపోయి తలుపు దగ్గరేసిన.

మేడం సాయవ్వ మాటలన్ని ఇన్నది. గంగమణినే అడిగింది, “పొద్దున ఏం తిన్నావమ్మా?”

“ఏం తినలే మేడం. ఒక్కపొద్దు గద.”

“ఈరోజు ఏం వారం? ఏ దేవుడికి?”

“ఏ దేవునికి గాదు. దినాం ఉంటున్న. తానం చేసి, దీపం వెట్టి, గోలీ ఏసుకొని, మళ్ల పొద్దుగూకినంకనే బువ్వ.” ఆమె తల లేపింది. “మీరే గద చెప్పిన్రు మేడం. ఒక్కపొద్దునే ఏసుకోవాలె, మర్సిపోవద్దు అని.”

మేడం నా దిక్కు చూసింది. నాకు ఒక్క నిమిషం నవ్వొచ్చింది, ఎంటనే కండ్లల్ల నీళ్లొచ్చినయి. మా దిక్కు ఎవలన్న పొద్దున అంటరా? పొద్దుగాల అంటరు. ఒక్కపొద్దు అంటె మాకు ఉపాసమే.

“అయ్యో తల్లీ! పొద్దున పూట ఒక్కటే అని చెప్పాను నేను!” అన్నది మేడం. “ఇది కడుపు నిండా తిని వేసుకోవాల్సిన గోలీ. కొత్తలో తిన్నా కూడా కొందరికి వికారం వస్తుంది. నువ్వు ఖాళీ కడుపున వేసుకుని రోజంతా పస్తుంటే వాంతులు కాక ఇంకేమవుతాయి?”

“నాకేమెర్క మేడం. ముందటి రెండు గోలీలు నిష్ఠ లేకుండ మింగితిని, పనిజెయ్యకపాయె. ఇది గట్టి మందు కావచ్చు, అందుకే ఒక్కపొద్దు వెట్టిన్రు అనుకున్న. ఆయన వచ్చేటాల్లకు తగ్గితే సాలని…”

సాయవ్వ కుర్చీ అంచున కూసున్నది. “నువ్వు దినాం ఉంటున్న ఒక్కపొద్దు గిందుకా?”

గంగమణి మేడం వేపు తిరిగింది. “పరీక్ష చెయ్యున్రి మేడం. మా అత్త కండ్ల ముందట చెయ్యున్రి.”

“నీకు ఇష్టమైతేనే చేస్తాను. ఎవరో అడిగారని కాదు.”

“అద్దు,” అన్నది సాయవ్వ. “అద్దు మేడం. దాని బుగ్గలు సూడున్రి, ఎట్ల లోపటికి పోయినయో. నా కండ్లు మండ, ఇంట్ల ఉండి సూడకపోతిని.” ఎవలతోనో అన్నట్టు అన్నది, “పొద్దుగాల్నే లింబాద్రికి ఫోన్ కొట్టిన.”

గంగమణి అప్పటిదాంక ఏడ్వలే. అప్పుడు గూడ ఏడ్వలే. రంగు మారింది. “ఏమని చెప్పినవత్తా?”

“నీ పెండ్లాం కక్కుతున్నదిరా అన్న. గంతే అన్న.”

“ఆయనేమన్నడు?”

“ఏమనలే. ఫోన్ వెట్టేసిండు.”

బయటికొచ్చినంక సాయవ్వ గేటు కాడి బండికెళ్లి ఇడ్లీలు కట్టించుకొచ్చింది. బెంచీ మీద కోడల్ని కూసోవెట్టి, “తిను” అన్నది. గంగమణి చెయ్యి కదల్లేదు. ముసలామె తుంచి తుంచి నోట్ల వెట్టింది. “నన్ను తిట్టు, గని తిను,” అంటున్నది. ఆమె తిట్టలే. నమిలింది.

తర్వాత సాయవ్వ ఫోన్ తీసి నా చేతుల వెట్టింది. “గీ మాట రికాడు చేసి పంపే గుండీ ఏదో ఒత్తు బిడ్డా, నాకు రాదు.” నాకు అంతకంటె రాదు. ఇద్దరం కలిసి ఏదో ఒత్తితే ఆమె దగ్గు ఒక్కటే పోయింది. రెండోసారికి మాట పోయింది. “అరేయ్ లింబాద్రీ, నేను మీ అవ్వను. గోలీతోని కక్కులైనయంట. డాక్టరమ్మ చెప్పింది, నేను నా చెవులతోని ఇన్న. దాని ఒంట్ల మస్తు నొప్పులున్నయిరా, నువ్వొస్తవని నీ కోసం దినాం పస్తులున్నది. నా నోటిల మన్ను వడ. ఫోన్ చెయ్యి కొడుకా.” పక్కన చెయ్యి చూపిచ్చుకునేతందుకు వచ్చిన పిలగాడు చూసి చెప్పిండు, “అవ్వా, ఇన్నడు. నీలం గీతలు పడ్డయి.” జవాబు రాలే.

ఆ దినం నుంచి గంగమణి జొన్నరొట్టె తిని, పాలు తాగి, తిన్నంకనే గోలీ ఏసుకున్నది. కక్కులు తగ్గినయి. నెల తిరిగేటాల్లకు నేను బీపీ గుడ్డ కడితే నొసలు జర ముడిసింది, గంతే. చేతులకు గాజులున్నయి. మేడం సంబరపడ్డది. నేను సంబరపడ్డ. గాజులు ముట్టి, “ఇగ చూడు, ఎంత సక్కగున్నయో” అన్న.

“గోలీ పనిజేస్తున్నదక్కా,” అన్నది. “ఎవల కోసం పనిజేస్తున్నదో తెలుస్తలేదు.”

లింబాద్రి ఫోన్ చేస్తున్నడంట, అవ్వకే. అందరు మంచిగున్నరా అంటడంట. ఈమెను పిలువుమనడంట. ఛుట్టీ మాట ఎత్తడంట. ఈమె ఫోన్ చేస్తె, “డూటీల ఉన్న” అని కట్ చేస్తడంట. పెండ్లయిన కొత్తల పోచంపాడు డ్యాం చూడవోయినప్పుడు గాలికి చీర ఎగురుతుంటె, భుజం మీద చెయ్యేసి కొంగు అదిమి పట్టుకున్నడంట. గదే పదిసార్లు చెప్పింది నాకు. నేను పదిసార్లు ఇన్న. ఎదిరిచూసుడు ఎట్లుంటదో ఇనేటోళ్లకు ఎర్కుంటె చెప్పేటోళ్లకు అలుపు రాదు.

ఆ బాధల ఒకసారి గోలీలు ఆపేసింది. ఎవరికీ చెప్పలే. మూడో నాటికే తల తిరిగుడు, తలల కరెంట్ కొట్టినట్టు జిల్లుమనుడు. వచ్చి పడ్డది. “ఈ మందు ఒక్కసారిగా ఆపకూడదమ్మా. ఆపాలంటే నేను మెల్లగా తగ్గిస్తాను,” అని మేడం మళ్ల మొదలువెట్టిచ్చింది. నేను మాత్రం తిట్టిన. “ఆయన రాకుంటె నీ ఒళ్లు నీది కాదా? బీడీలు చేసేటియి నీ చేతులు కావా? నీ భుజం మీద నీ చీర కొంగు నిలుస్తలేదా ఇప్పుడు? గది సాలదా?” అన్న. సాలదని నాకెర్క. తిట్టాలె గనుక తిట్టిన.

మక్క కంకులు బండ్ల మీదికి వచ్చిన రోజులు. ఆ పొద్దుగాల ముసురు పట్టింది. గచ్చు తుడుస్తున్న. తలుపుల ఒకాయన నిలవడ్డడు. ఇస్త్రీ పాంటు, నున్నటి గడ్డం, అత్తరు వాసన, చేతుల బ్యాగు.

“మందుల కంపెనోళ్లు మధ్యాహ్నం రావాలె బాబూ,” అన్న.

“నేను గంగమణి మొగన్నమ్మా.”

గుడ్డ నా చేతులనే ఉన్నది. ఆయన ఎనుక సాయవ్వ, సాయవ్వ ఎనుక గొడుగు కింద గంగమణి. ముగ్గురు మూడు దిక్కుల చూస్తున్నరు. విమానం దిగి నిన్న ఇల్లు చేరిండంట. చేరినప్పటి నుంచి పెండ్లాంతోని నాలుగు మాటలు మాట్లాడలేదంట. పొద్దుగాల లేసి, “నీ డాక్టర్ కాడికి పోదాం పా” అన్నడంట.

లోపట మేడం ముందట బెరుకుగ కూసున్నడు. మేడం అనుకున్నది, నేననుకున్న, అనుమానం తీర్చుకునేతందుకే వచ్చిండని. “ఆ వాంతులు మందు వల్లే వచ్చాయి. ఏ అనుమానం పెట్టుకోవద్దు,” అన్నది మేడం.

“నేను గది అడుగుతలేను మేడం,” అన్నడు. “గది నేను ఒక్క గడియ గూడ అనుకోలే. మా అవ్వ నోరు నాకు తెల్వదా?”

“మరి ఇన్నాళ్లూ ఆమెతో ఎందుకు మాట్లాడలేదు?”

ఆయన సంచి పట్టీ మడుస్తున్నడు, ఇప్పుతున్నడు. “రెండేండ్ల సంది ఇంత నొప్పి ఉన్నదంట గద. ఫోన్ చేసినప్పుడల్లా ‘మంచిగున్న, మంచిగున్న’ అన్నది. నిద్ర లేదని చెప్పలే. సూదులని చెప్పలే. మీకు చెప్పుకున్నది, బయట ఆయమ్మకు చెప్పుకున్నది. నేనేం పరాయోన్నా మేడం? అంత దూరం పోయినందుకు నన్ను లెక్కలకెళ్లి తీసేసిందా అని కోపమచ్చింది. ఫోన్ల అడుగుదామంటె నోరు రాలే.”

గంగమణి తలుపు కాడ నిలవడ్డది. “ఫికర్ చేస్తవని చెప్పలే,” అన్నది.

“ఫికర్ చెయ్యకుంటె ఇగ నేనెందుకు?”

మేడం గట్లనే కూసుండి ఆయనకు అన్ని చెప్పింది. ఈ రోగం ప్రాణం తియ్యదు, గని తొందరగ పోదు. గోలీతోని సగం తగ్గింది, దినాం నడుస్తె ఇంకింత తగ్గుతది. చలికాలంల, నిద్ర లేనప్పుడు ఎక్కువైతది. ఆయన అన్ని ఇన్నడు. లేసేముందు, మా ఇద్దరి దిక్కు చూడకుండ, బల్ల దిక్కు చూసుకుంట అడిగిండు, “తాకితే… నొప్పి వెడుతదా మేడం?”

“అది ఆమెనే అడగాలి,” అన్నది మేడం.

బయట వరండాల ఆ బెంచీ ఉన్నది గద, నేను మందులు చెప్పే బెంచీ, దాని మీద కూసున్నరు. నడుమ ఒక మనిషి పట్టే జాగ. నేను నంబర్ పిలవాలె గని పిలవలే. వాన సప్పుడు. ఆయన జరిగిండు. చెయ్యి లేపిండు, లేపి గాలిల్నే ఆపిండు. పసిపిల్లను ఎత్తుకునేటోని లెక్క, మస్తు మెల్లగ, ఆమె భుజం మీద వెట్టిండు.

“నొస్తున్నదా?”

గంగమణి కండ్లు మూసుకున్నది. “నొస్తున్నది,” అన్నది. “తియ్యకు.”

సాయవ్వ గోడ దిక్కు తిరిగి కొంగు నోట్ల కుక్కుకున్నది. ఈసారి సిగ్గు శరం అని తిట్టలే. లోపటికెళ్లి మేడం గంట కొట్టింది. మళ్ల కొట్టింది. నేను కదల్లే.

లింబాద్రి మళ్ల మస్కట్ పోలే. భివండిల వాళ్లన్న కాడ పని దొరికితే ముగ్గురు పోయిన్రు. మేడం అక్కడి డాక్టర్‌కు చూపిచ్చుకోమని గోలీలు రాసిచ్చి పంపింది. ఫోన్ నంబర్ ఇచ్చిపోయింది గంగమణి, నా ఫోన్ పాడైనప్పుడు అది గూడ పోయింది.

ఆ కేసు నాకు పనిల ఒక్కటి నేర్పింది. అంతకుముందు నేను మందు చెప్పి, “అర్థమైందా?” అందును. అందరు తల ఊపుతరు. సిగ్గుకు ఊపుతరు, బస్సు పోతదని ఊపుతరు. గంగమణి తర్వాత నుంచి గట్ల అడుగుడు మానేసిన. “నేనేం చెప్పిన్నో నువ్వు నాకు చెప్పు” అందును. వాళ్ల నోటితోని ఇన్నంకనే పంపుదును. ఎంత మంది ఏమేం ఇన్నరో అప్పుడు తెలిసింది నాకు. మేడం గూడ నేర్సుకున్నది. మధ్యల మా మాట పట్టుకొని “పొద్దుగాల, బువ్వ తిన్నంక” అంటుంటె, ఆ ఆంధ్ర నోట్ల అది ఇంటుంటె నవ్వొచ్చేది.

ఇంకొకటి పనికి సంబంధం లేనిది. మోకాళ్లు పనిజెయ్యక దవాఖాన మానేసిన ఇప్పుడు. అన్నేండ్లు ఎన్ని వందల చేతులు పట్టుకున్ననో, గుడ్డ కట్టుకుంట, నాడి చూసుకుంట, బల్ల ఎక్కిచ్చుకుంట. నా చెయ్యి పట్టుకునేటోడు మార్కెట్ యార్డుల హమాలి చేసి, పసుపు బస్తాలు మోసి మోసి పోయిండు. ఆయన అరచెయ్యి గరుకుగ ఉండేది, ఈపు మీద వెడితే రవికె దారాలు లేసేటియి. నాకు ఏ రోగం లేదు. భుజానికి నొప్పి లేదు, మంట లేదు. మేడం అన్ని పరీక్షలు చేసి మంచిగున్నవన్నది. మంచిగనే ఉన్న. గని ఒక్కోసారి గుమ్మంల కూసుంటె, ఈ భుజం మీద ఎవలన్న చెయ్యేస్తె, అది నొచ్చినా సరే అనిపిస్తది.

ఇగ సాలు సంధ్యా, కలం కింద వెట్టు. ఏం రాసినవో నాకు సదివి ఇనిపియ్యి. మొత్తం అద్దు బిడ్డా, పొయ్యి మీద పప్పున్నది నీకు. ఆయన మెల్లగ చెయ్యి లేపిండు సూడు, గా కాడికెళ్లి సదువు. ఉరుకకు. జర ఆగి ఆగి సదువు.